ఈ బోల్టు ఎచ్చటిది?

కోతలు ముగిసి నూర్పిళ్ళు సాగుచున్న దినములలో ఒక ఉదయమున మా బావగారు కళ్ళము ఊడ్పించుచుండగా చీపురుకు ఒక ఇనుప ముక్క తగిలెను. తీసి చూడగా అది బోల్టు. మూడంగుళముల పైచిలుకు పొడవు, తల ఆరు పలకలది, నట్టు లేదు. ఆ దినమున కళ్ళములో నూర్పిడి యంత్రము నిలిచియున్నది. దానిని లాగికొనివచ్చిన ట్రాక్టరు ప్రక్కనే యున్నది. రెండు దినముల క్రిందట పాత ఆయిలు ఇంజనును బండిపై వేసి ఆ త్రోవనే కాలువగట్టుకు తరలించిరి. బోల్టు ఈ మూటిలో దేనిదైనను కావచ్చును; ఎవరి సంచిలోనుండియో జారిపడిన దిక్కులేని సరకైనను కావచ్చును.

ట్రాక్టరు తోలు కుర్రవాడు దానిని చేతబట్టి, "మనది కాదండీ, మన బండికి అన్నీ ఉన్నవి" అనెను. నూర్పిడి యంత్రము గలవారు దూరమునుండియే చూచి తమది కాదనిరి. "ఎవరిదీ కానప్పుడు గూటిలో పడవేయుడు, ఎప్పుడో ఒకప్పుడు పనికివచ్చును" అని మా బావగారు సెలవిచ్చిరి. మన ఇండ్లలో గూటికొక ఇనుప సామానుల డబ్బా ఉండనే ఉన్నది. అందులో పడిన బోల్టు ఏదో ఒకనాడు ఏదో ఒక తొఱ్ఱలో దూరక మానదు. ఆ సంగతియే నన్ను కలవరపెట్టెను. "బావగారూ, ఒక్క పూట నాయొద్ద ఉండనిండు" అని అడిగి తీసికొని అరుగుపై కూర్చుంటిని. ఆ బోల్టు ఎచ్చటిదో కనుగొన్న విధమును మీకు చెప్పదలచితిని గాని, అది తెలియవలెనన్న ఇన్నూరేండ్ల వృత్తాంతము కొంత నడుమ చెప్పక తప్పదు.

మన బండి ఇరుసునకు చీల కలదు. అది పోయినచో వడ్రంగి తుమ్మ కొయ్యతో మరియొకటి చెక్కి ఆ తొఱ్ఱకు సరిపోవువరకు రాచి దిగగొట్టును. ఆ చీల ఆ బండికే చెల్లును. పొరుగువారి బండికి చెల్లవలెనని ఎవరును కోరరు. రెండువందల యేండ్ల క్రిందటి వరకు సీమదేశపు కర్మాగారములలో బోల్టుల గతియు ఇంతే. బోల్టు ఒంటిని చుట్టుకొని దిగు గట్టును మన పనివారు మర యందురు. ఆ మరను ప్రతి పనివాడును తన చేతివాటమునుబట్టి కోసెడివాడు. కాబట్టి ప్రతి బోల్టునకును దాని నట్టునకును ఒకే గుర్తు వేసి జంటగా ఉంచవలసి వచ్చెను. యంత్రము విప్పినప్పుడు ఆ జంటలు కలగాపులగమైనచో తిరిగి ఏది దేనిదో పోల్చుకొనుటకు దినములు పట్టెడివి. ఒక విధముగా చూడగా ఆ కాలమున దారితప్పిన బోల్టు ఎచ్చటిదని అడుగుట మిక్కిలి అర్థవంతమైన ప్రశ్న. దానికి లోకమంతటను ఒక్కటే తావు ఉండెడిది.

ఈ స్థితిని మార్చుటకు మొదట పూనుకొన్నవారిలో లండనునందలి హెన్రీ మాడ్‌స్లే ముఖ్యుడు. ఆయన 1771లో పుట్టి 1831లో గతించెను. ఇప్పుడు లేతు అనబడు తరిమెన యంత్రమునకు ఆయన 1800 ప్రాంతమున ఒక గొప్ప రూపమునిచ్చెను. అందు పనిముట్టును మనుష్యుని చేయి పట్టుకొనదు. యంత్రమే పట్టుకొని, పొడవాటి మరకమ్మి నడిపించినకొలది సమముగా జరుపుచు మర కోయును. చేతివాటము పోయి కొలత వచ్చెను. మాడ్‌స్లే తన కర్మాగారములో ఏ లావు బోల్టునకు ఏ మర యుండవలెనో ఏర్పాటు చేసి ఆ గోడల నడుమ ఒక ధర్మము నెలకొల్పెను. కాని ఆ గోడ దాటినచో మరల ఎవరి మర వారిదే.

ఆయనయొద్ద పనిచేసిన వారిలో జోసఫ్ విట్‌వర్తు అనువాడొకడు. అతడు 1803లో జన్మించి, 1833లో మాంచెస్టరు నగరమున సొంత కర్మాగారము పెట్టెను. ఇంగ్లండునందలి అనేక కర్మాగారములనుండి బోల్టులను తెప్పించి, ఒక్కొక్క లావునకు అంగుళములో ఎన్ని మరలున్నవో, గట్టు ఎంత వాలుగా నున్నదో కొలిచి, వానికి సగటు కట్టెను. తన బుద్ధికి తోచిన క్రొత్త కొలతను లోకముపై రుద్దుటకంటె, అప్పటికే వాడుకలోనున్న వానికెల్ల దగ్గరగా నుండు కొలతను ఎంచుట అతని తెలివి. పది గ్రామముల పెద్దలు కూర్చుండి తూము కొలతలో తలకొక పిడికెడు తగ్గించుకొని ఒప్పందమునకు వచ్చినట్లుండెను ఆ పని. 1841లో లండనునందలి సివిల్ ఇంజనీర్ల సంస్థయెదుట అతడు దీనిని వ్యాసముగా చదివెను. గట్టు రెండు వాలుల నడుమ కోణము 55 డిగ్రీలు. గట్టు కొనయు, గాడి అడుగును గుండ్రన. పావంగుళపు బోల్టునకు అంగుళములో 20 మరలు, మూడెనిమిదవ వంతు బోల్టునకు 16, అరంగుళమునకు 12, ముప్పావు అంగుళమునకు 10, నిండు అంగుళమునకు 8. రైలు కంపెనీలు, ఓడ కర్మాగారములు దీనిని క్రమముగా అవలంబించెను. ఇంగ్లీషువారి యంత్రములు పోయిన చోటికెల్ల ఈ లెక్కయు పోయెను. మన రైళ్ళకు, మిల్లులకు, ఏటిగట్ల ఆయిలు ఇంజనులకు ఆ త్రోవనే వచ్చెను.

అరుగుమీద నేను మొదట చేసినది ఈ లెక్కయే. బోల్టుపై మడ్డిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పిల్లవాని బడి కొలబద్దను మరకు ఆనించి, కొనగోటితో గట్టు గట్టుగా ఎంచితిని. అరంగుళములో ఆరు వచ్చెను. అనగా అంగుళమునకు 12. లావు చూడగా అరంగుళమునకు వెంట్రుకవాసి తక్కువ. అరంగుళపు లావు, 12 మరలు అన్నప్పుడు నాకు విట్‌వర్తు జ్ఞప్తికి వచ్చెను. కాని అంతటితో తీర్పు చెప్పుటకు వీలులేదు. ఏలయన ఈ కథలో ఇంకను దాయాదులు కలరు.

1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున విలియం సెల్లర్సు అను యంత్రనిర్మాత, ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటులో మరియొక పద్ధతి ప్రతిపాదించెను. విట్‌వర్తు మర గుండ్రని కొనలను సరిగా చెక్కుట కష్టమనియు, సామాన్య కర్మాగారములో సామాన్యపు పనివాడు చేయదగినదిగా మర ఉండవలెననియు ఆయన వాదము. 60 డిగ్రీల కోణము, కొన బల్లపరుపు. 60 డిగ్రీలనగా సమత్రిభుజపు కోణము. గీయుటకును సరిచూచుటకును సులభము. ఆ వాదములో న్యాయము లేదనలేము. పెక్కు లావులకు అంగుళమునకు మరల సంఖ్య విట్‌వర్తు సంఖ్యయే; అరంగుళపు బోల్టునకు మాత్రము ఆయన 13 పెట్టెను. ఈ ఒక్క మర భేదము నూరేండ్లపాటు పనివారి వ్రేళ్ళ చర్మమును ఒలిచినది. 12 మరల బోల్టును 13 మరల నట్టులో పెట్టినచో మొదటి చుట్టు నవ్వుచు పోవును, రెండవది కొంత బిగియును, తరువాత పట్టుకొని కదలదు. బలవంతులైనవారు పానాకు గొట్టము తొడిగి త్రిప్పుదురు. అప్పుడు రెండును చెడును.

అయితే పట్టుకొని కదలని బోల్టు ఒక విధముగా మేలు చేయుచున్నది: "నేను ఇచ్చటిదానను కాను" అని చెప్పుచున్నది. సంఖ్య ఒకటియై కోణము మాత్రము వేరైన బోల్టు అట్లు చెప్పదు. ముప్పావు అంగుళపు విట్‌వర్తు బోల్టునకును అమెరికా బోల్టునకును అంగుళమునకు 10 మరలే. ఒకదాని నట్టులో మరియొకటి ఎక్కినను 55 డిగ్రీల వాలు 60 డిగ్రీల వాలును నిండుగా ఆనుకొనదు. అంచుపైననే బరువు మోయును. చూచువారికి బిగిసినట్లే యుండును.

ఒక్కొక్క ఊరు తన కొలతను తాను పట్టుకొని కూర్చుండుటవలన ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో అమెరికాలోని బాల్టిమోరు నగరము 1904లో చూచెను. ఫిబ్రవరి 7వ తేది ఆదివారము ఉదయమున వ్యాపారవీధులలో ఒక పెద్ద భవనమున నిప్పు పుట్టెను. గాలి తోడయ్యెను. తంతి పోగానే వాషింగ్టను మొదలైన నగరములనుండి అగ్నిమాపక దళములు యంత్రములతో రైళ్ళమీద వచ్చి దిగెను. మనుష్యులు వచ్చిరి, యంత్రములు వచ్చెను, వీధిలో నీటి కుళాయిలు నిండుగా నున్నవి. కాని ఆ ఊరి కుళాయి మరకు ఈ ఊరి గొట్టపు మర ఎక్కలేదు. గొట్టము చేతబట్టుకొని మంటలయెదుట నిలుచుండిన ఆ మనుష్యుల దుఃఖమును ఊహింపుడు. నిప్పు రెండవనాటివరకు మండెను. 1,500కు పైగా కట్టడములు బూడిదయయ్యెను. తరువాత విచారింపగా ఆ దేశములో గొట్టపు మరలు 600కు పైచిలుకు రకములని తేలెను. మరుసటి యేడు జాతీయమైన ఒక కొలత నిర్ణయించిరి. నిర్ణయించుట వేరు, ఊరూరను కుళాయిలు మార్చుట వేరు. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండు కొండలపై ఇండ్లు తగులబడి 25 మంది చనిపోయినప్పుడు కూడ ఆ ఊరి కుళాయిల నోరు మూడంగుళములది. తోడు వచ్చిన వారి గొట్టములు రెండున్నర అంగుళములవి.

రెండవ ప్రపంచ యుద్ధములో ఈ చిక్కు సముద్రము దాటెను. ఇంగ్లండు విమానములకు ప్రాణమైన మెర్లిన్ ఇంజనును తయారుచేయుటకు 1940లో అమెరికాలోని ప్యాకార్డు కంపెనీ ఒప్పుకొనెను. ఆ ఇంజనులోని మరలన్నియు ఇంగ్లీషు మరలు. అమెరికాలో ఆ మర కోయు పనిముట్లే లేవు. మర మార్చినచో పని సులభమగును గాని, అప్పుడు డిట్రాయిటులో చేసిన బోల్టు ఇంగ్లండులో విరిగిన ఇంజనుకు పట్టదు. యుద్ధభూమిలో అట్టి బోల్టు పుల్లతో సమానము. కాబట్టి వారు పనిముట్లను సొంతముగా చేసికొని, తమది కాని మరను కోసి, 55,000కు పైగా ఇంజనులు నిర్మించిరి. మరియొకరి కొలతను గౌరవించి పనిచేసిన ఆ కంపెనీని నేను మిక్కిలి మెచ్చుకొందును. ఈ యుద్ధకాలపు తిప్పల ఫలితముగా 1948 నవంబరు 18వ తేదీన వాషింగ్టనులో ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములవారు కూర్చుండి ఏకీకృతమైన మర ఒకటి అంగీకరించి వ్రాలు చేసిరి. కోణము 60 డిగ్రీలు. అరంగుళమునకు 13 మరలు. విట్‌వర్తు ఇంటిపేరు అచ్చట ముగిసెను.

ఐరోపా ఖండమువారి త్రోవ వేరు. వారు మీటరు కొలతవారు. 1898లో స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున సభ చేసి, 60 డిగ్రీల కోణముతో మిల్లీమీటరు మరను ఏర్పరచుకొనిరి. ఇందు అంగుళమునకు ఎన్ని మరలని అడుగరు. ఒక గట్టునుండి మరియొక గట్టునకు ఎంత దూరమని అడుగుదురు. 1947లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఏర్పడినప్పుడు దాని మొట్టమొదటి సాంకేతిక సంఘమునకు అప్పగించిన విషయము మరయే. మన దేశములోను 1947లోనే ప్రమాణముల సంస్థ పుట్టెను. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి మీటరు, కిలోగ్రాము పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చెను. వీశె, సేరు పోయిన కాలము మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ కాలముననే బోల్టులును మెల్లమెల్లగా మిల్లీమీటరులోనికి దిగెను. కాని చట్టము మారిన దినమున పాత ఇంజనులు కరగిపోలేదు. ఒకే కళ్ళములో నేటి ట్రాక్టరును నాటి ఇంజనును ప్రక్కప్రక్కన నిలుచుండును. రెండింటి బోల్టులును ఒకే డబ్బాలో పడును.

అరంగుళమునకు మిల్లీమీటరులో దగ్గరి చుట్టము 12 మిల్లీమీటర్ల బోల్టు. అరంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. భేదము ముప్పాతిక మిల్లీమీటరుకు లోపు, కంటికి ఆనదు. అయితే 12 మిల్లీమీటర్ల సామాన్యపు బోల్టున గట్టునుండి గట్టునకు ఒకటిముప్పావు మిల్లీమీటరు. అనగా అంగుళమునకు పదునాలుగున్నర మరలు. నా చేతిదానికి 12. తలను చూచితిని. ట్రాక్టరులో బలము మోయు బోల్టు తలపై 8.8 వంటి అంకెలు పొడిచియుండును. అందు మొదటి 8 అనగా ఆ ఇనుము ప్రతి చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనులు, సుమారు 80 కిలోల లాగుడు, తెగక ఓర్చునని గుర్తు. రెండవ 8 అనగా అందులో పదింట ఎనిమిది పాళ్ళవరకు శాశ్వతముగా సాగక నిలుచునని గుర్తు. నా బోల్టు తల నున్నన. తరువాత కుర్రవానిచేత పానాల సంచి తెప్పించితిని. 22 అంకె పానా తలకు ఎక్కలేదు. 24 అంకెది వదులై ఆడెను. నేటి పానాపై అంకె దాని నోటి వెడల్పును తెలుపును. పాత ఇంగ్లీషు పానాపై అంకె బోల్టు లావును తెలుపును. అర యని యున్న పానా నోరు 0.92 అంగుళము, అనగా 23 మిల్లీమీటర్లకు పైచిలుకు. 22కును 24కును నడుమ నా బోల్టు తల ఎందుకు చిక్కుకొనెనో అప్పుడు తెలిసెను. ట్రాక్టరును, నూర్పిడి యంత్రమును, రెండును మిల్లీమీటరు కొలతవే గనుక, నేను తీసివేసితిని.

ఇంత శ్రమ ఎందుకు, ఒక తొఱ్ఱలో పెట్టి త్రిప్పి చూచిన తెలియదా యని మీరడుగవచ్చును. మా బావగారును అట్లే అడిగిరి. ఆయనకు నేను 1990లో ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి చెప్పితిని, మీకును చెప్పెదను.

ఆ యేడు జూన్ 10వ తేది ఉదయమున బర్మింగ్‌హామ్ నగరమునుండి స్పెయిన్ దేశపు మాలగాకు 81 మంది ప్రయాణికులతోను ఆరుగురు సిబ్బందితోను ఒక విమానము లేచెను. 17,300 అడుగుల ఎత్తునకు చేరునప్పటికి సారథి యెదుటి అద్దము ఒక్కసారిగా ఊడి ఎగిరిపోయెను. లోపలి గాలి వెలికి దూకినప్పుడు సారథి టిమ్ లాంకాస్టరు నడుమువరకు ఆ రంధ్రమునుండి బయట పడెను. ఒక పరిచారకుడు పరుగెత్తివచ్చి ఆయన కాళ్ళు పట్టుకొనెను. ఆయన అలసినప్పుడు తక్కినవారు అందుకొనిరి. పట్టిన మనిషి బ్రతికియుండునని వారికి నమ్మకము లేదు, అయినను విడువలేదు. సహసారథి అలస్టేర్ ఆచిసన్ ఒంటరిగా విమానమును సౌతాంప్టనులో దింపెను. సారథి చేతి యెముకలు విరిగి, చలికి శరీరము గడ్డకట్టియు బ్రతికెను. కొన్ని నెలలలో మరల విమానము నడిపెను. ఒక్క ప్రాణమును పోలేదు.

ఆ అద్దము ఆక్స్‌ఫర్డ్‌షైర్ పొలములలో పడి దొరికెను; దానితో కొన్ని బోల్టులును దొరికెను. విచారణాధికారులు ఆ బోల్టులనే ప్రశ్నింప మొదలుపెట్టిరి. అద్దమును ఆ విమానములో వెలుపలినుండి బిగింతురు. కావున లోపలి గాలి ఒత్తిడి యంతయు బోల్టులమీదనే పడును. మొత్తము 90 బోల్టులు. ప్రయాణమునకు 27 గంటల ముందు రాత్రివేళ అద్దము మార్చిరి. ఆ పని చేసిన మనిషి అనుభవశాలి, పనిపట్ల శ్రద్ధ గలవాడని పేరున్నవాడు. ఆయన విప్పిన పాత బోల్టును చేతబట్టుకొని సామానుకొట్టుకు పోయి అట్టివే కావలెననెను. ఆ అద్దమునకు వాడునవి వేరు సంఖ్యవని అచ్చటి అధికారి చెప్పెను గాని, విప్పినవి ఇవియే గదా, ఇవియే చాలునని ఈయన అనుకొనెను. కొట్టులో అవి నాలుగైదే యున్నవి. తెల్లవారుజామున విమానాశ్రయములో దూరముగా నున్న మరియొక సామాను గూళ్ళకు పోయి, మసక వెలుతురులో, దగ్గరి చూపునకు కావలసిన అద్దములు పెట్టుకొనక, పాత బోల్టు ప్రక్కన క్రొత్తది పెట్టి చూచి, 84 బోల్టులు ఏరుకొనెను. కొలతల పుస్తకము చూడలేదు.

ఆ 84 బోల్టుల లావు ఉండవలసినదానికంటె 0.026 అంగుళము తక్కువ. అనగా మిల్లీమీటరులో మూడింట రెండు పాళ్ళు. మిగిలిన ఆరు లావు సరియైనవే గాని అంగుళములో పదియవ వంతు పొట్టివి. ఇక అసలు మోసము ఇందున్నది: సరియైన బోల్టునకును, సన్నపు బోల్టునకును అంగుళమునకు 32 మరలే. సంఖ్య కలిసినందున సన్నది ఆ నట్టులో అడ్డులేక తిరిగెను. తగిన బిగువు రాగానే టక్కున విడుచు పనిముట్టుతో ఆయన బిగించెను. బిగువు వచ్చి పనిముట్టు విడిచెనని ఆయన చేతికి తోచినది, నిజమునకు సన్నపు మర నట్టు మరపై జారుట. బోల్టు తలలు తమ పళ్ళెములలో ఎప్పటికంటె లోతుగా కూర్చున్నవి. ఆ గుర్తును రాత్రివేళ ఎవరు చూతురు? విచారణాధికారులు చెత్తతొట్టిలో పాత బోల్టులు వెదకి 80 పట్టుకొనిరి. వానిలో 78 ఆ పొట్టి రకమువి, రెండు మాత్రమే పుస్తకములో చెప్పినవి. అనగా దానికి ముందు అద్దమును బిగించినవారును పుస్తకము ప్రకారము బిగింపలేదు. కాకపోయినను పాత బోల్టుల లావు సరియైనది గనుక అద్దము ఏండ్లతరబడి నిలిచెను. అందువలననే పాతదానిని చూచి పోల్చుకొనుట క్షేమమని ఆ మనిషికి తోచెను.

ఇది విన్న తరువాత మా బావగారు మారు మాటలాడక నా ప్రక్కన వచ్చి కూర్చుండిరి.

అంగుళపు కొలత యని తేలెను. ఇంజను తయారైన కాలమునకు సరిపోయెను. కాని ఇంజనులో అరంగుళపు బోల్టులు ఎన్నియో కలవు. మూతలోనిది ఊడినచో ఒక ఫలితము, అడుగునది ఊడినచో మరియొక ఫలితము. అంకెలు చెప్పవలసినదెల్ల చెప్పినవి; తక్కినది బోల్టు ఒంటిమీది మరకలు చెప్పవలెను. పొడవు మూడంగుళముల పైచిలుకు. అందు మర ఒకటింబావు అంగుళము మాత్రమే, తక్కినది నున్నని కడ్డి. బోల్టు మరకు అవతలనున్న నున్నని భాగము, అది దూరి నిలిచిన వస్తువుల మందమును ఇంచుమించు తెలుపును. రెండంగుళముల మందముగల ఇనుము ఆ ఇంజను మూతలలో ఎచ్చటను లేదు. భూతద్దముతో చూడగా తలకు దగ్గర అరంగుళముమేర కడ్డి ఒక ప్రక్క మెఱసియున్నది. అచ్చట ఇనుము ఇనుమును రాచినది. దాని దిగువ ఎఱ్ఱని త్రుప్పు, ఆ త్రుప్పులో సన్నని పీచు. సూదితో పీకి అరచేత పెట్టి చూడగా అది కొయ్య పీచు. మర గాడులలోను అదియే, నూనెలో నాని నల్లనై యున్నది.

ఇనుపపాదము, దాని క్రింద దుంగ. ఇంజనును నిలిపి యుంచిన చింతదుంగలలో ఒకదానిని ఇంజను పాదమునకు బిగించు బోల్టు ఇది. బండిలో కుదుపులకు నట్టు జారి, బోల్టు పైకెగిరి కళ్ళములో పడియుండును. మెఱుపు ఒకే ప్రక్కన ఉండుటనుబట్టి అది ఆ ప్రయాణమునకు చాల ముందునుండియే వదులై ఇంజను అదురుచున్నదనియు అనుకొంటిమి.

మరునాడు తెల్లవారుజామున నీరు పెట్టవలెనని నిశ్చయించుకొని యుండిరి. మేము కాలువగట్టుకు పోవునప్పటికి ప్రొద్దు గ్రుంకుచున్నది. లాంతరు దించి చూడగా పాదములు నాలుగింటిలో మూటికి బోల్టులున్నవి. నాలుగవది, వడిచక్రము ప్రక్కది, ఖాళీ. పైగా ఎవరో ఆ తొఱ్ఱలో పెద్ద మేకు ఒకటి దిగగొట్టి దానిపై గోనెముక్క కప్పియుంచిరి. ఎవరు కొట్టిరని అడుగగా ఎవరును పలుకలేదు. వడిచక్రము బరువు మోయు మూల అది. మేకు ఒక గంటయైన నిలుచునా యని మా బావగారు పైకే అనుకొనిరి. మేకు పీకించి బోల్టు దింపితిమి. తల క్రింది మెఱుపు సరిగా ఇనుపపాదపు మందమున నిలిచెను. మర దుంగ అడుగున ముప్పావు అంగుళము బయటికి వచ్చెను.

నట్టు మాత్రము లేకపోయెను. పట్టణములో మూడు దుకాణములు తిరిగితిమి; ఉన్నవన్నియు మిల్లీమీటరు నట్టులే. "పన్నెండుది పెట్టుడు, కొంచెము గట్టిగా త్రిప్పిన ఎక్కును" అని ఒక దుకాణదారు సలహా చెప్పగా మా బావగారు నావైపు చూచి నవ్విరి. చివరకు లేతు పనివానియొద్ద పాత పనిముట్ల పెట్టెలో అరంగుళపు 12 మరల ట్యాపు దొరికినది. అతడు నట్టు చేసి యిచ్చునప్పటికి రెండు దినములు పట్టెను, నీరును రెండు దినములు ఆలస్యమయ్యెను. అసలు నట్టు కళ్ళములోనే గడ్డివామి క్రింద ఉండునని మా బావగారి నమ్మకము. వామి తీసిన దినమున చూతమనుచున్నారు.